వేలెడంత బిట్.. నిమిషానికి వేల చుట్లు

దసరా నాడు వడ్రంగి షెడ్డులో ఆయుధపూజ చేసేటప్పుడు పనిముట్లన్నీ ఒక వరుసలో కొలువుతీరతాయి. ఉలులు, చిత్రిక, రంపం, మూలమట్టం, కొయ్య సుత్తి. వాటి పక్కన డ్రిల్లు, కట్టర్, రూటర్. అన్నిటికీ పసుపూ కుంకుమా పెడతారు, పూలు పెడతారు. కానీ చెక్కను నిజంగా కోసే రూటర్ బిట్లు చాలా షెడ్లలో ఆ వరుసలో ఉండవు. మూలనున్న పాత రేకు డబ్బాలో, మేకులు, స్క్రూలు, విరిగిన బ్లేడు ముక్కల మధ్య ఒకదానికొకటి రాసుకుంటూ పడి ఉంటాయి. కావలసినప్పుడు డబ్బా బోర్లించి, వెతికి, ఒకటి పట్టుకుపోతారు.

అదే షెడ్డులో ఉలిని మాత్రం ఎవరూ అలా పడేయరు. సానరాయి మీద నీళ్లు చల్లి, వాదర తీసి, బొటనవేలి గోరు మీద ఆనించి చూసుకున్నాకే ఉలి పనిలోకి దిగుతుంది. ఆలోచిస్తే రూటర్ బిట్ కూడా ఉలే. కాకపోతే దానికి ఎక్కువగా రెండు వాదరలుంటాయి, అది నిమిషానికి ఇరవై వేల సార్లకు పైగా తిరుగుతుంది. ఉలికి చేసే సేవలో పావు వంతు దానికి చేసినా పనిలో తేడా కంటికి కనిపిస్తుంది.

ఇంతకీ రూటర్ చేసే పనేమిటి? వార్డ్‌రోబ్ తలుపు అంచున అతికించిన మైకాను చెక్కకు సమంగా కోసేది అదే. డైనింగ్ టేబుల్ అంచు మోచేతికి గుచ్చుకోకుండా గుండ్రంగా తిరిగేది దానివల్లే. డ్రాయర్ అడుగు పలక దూరే గాడి, తలుపు బందు కూర్చునే గుంట, పూజగది తలుపు చుట్టూ తీగలా పాకే గీత, ఇవన్నీ దాని చేతి పనులే. చూడటానికి ఒక మోటారు, దాని కొసన బిట్‌ను బిగించి పట్టుకునే కాలెట్, కింద చదునైన పీట. అంతే. 20వ శతాబ్దం రెండో దశాబ్దంలో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఆర్.ఎల్. కార్టర్ చేత్తో పట్టుకునే ఎలక్ట్రిక్ రూటర్‌ను తయారుచేసి అమ్మాడు. 1929లో ఆ వ్యాపారాన్ని స్టాన్లీ సంస్థ కొనుక్కుంది. ఆనాటి నుంచి మోటార్లు మారాయి, పీటలు మారాయి. పని నాణ్యతను తేల్చేది మాత్రం ఇప్పటికీ కొసన ఉన్న వేలెడంత లోహమే.

బల్బు కోసం పుట్టిన లోహం

బిట్ కొనేటప్పుడు మొదట చూడాల్సింది దాని వాదర దేనితో చేశారన్నది. పాత రకం హెచ్‌ఎస్‌ఎస్ ఉక్కు బిట్లకు చాలా సన్నని పదును వస్తుంది, మామూలు సానరాయి మీదే మళ్లీ పదును పెట్టుకోవచ్చు. మెత్తటి చెక్కకు అవి బాగానే పనికొస్తాయి. ప్లైవుడ్ దగ్గరికి వచ్చేసరికి చతికిలపడతాయి. ప్లైవుడ్ పొరల మధ్య గట్టిపడిన జిగురు, ఎండీఎఫ్‌లో కలిసిన రెసిన్, మైకా పైపొర, ఇవన్నీ ఉక్కు వాదరను గరుకు కాగితంలా అరగదీస్తాయి. మన దగ్గర గుమ్మాలకూ తలుపులకూ ఇష్టంగా వాడే టేకులో సహజంగానే సిలికా ఉంటుంది. అంటే చెక్కలోనే సన్నని ఇసుక ఉన్నట్టు లెక్క.

వీటన్నిటికీ జవాబు టంగ్‌స్టన్ కార్బైడ్. అది చెక్కపని కోసం పుట్టింది కాదు. బల్బులో వెలిగే టంగ్‌స్టన్ తీగను సన్నగా లాగడానికి వజ్రంతో చేసిన అచ్చులు వాడేవారు. అవి ఖరీదైనవి కావడంతో వాటికి బదులు మరేదైనా దొరుకుతుందా అని జర్మనీలోని ఓస్రామ్ సంస్థలో వెతికారు. టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని కోబాల్ట్ లోహంతో కలిపి, వేడిలో గట్టిపరిచే పద్ధతికి 1923లో కార్ల్ ష్రోటర్ పేటెంట్ దరఖాస్తు చేశాడు. తర్వాత క్రుప్ సంస్థ దాన్ని ‘విడియా’ పేరుతో బజారులోకి తెచ్చింది. ‘వజ్రం లాంటిది’ అన్న జర్మన్ మాటల నుంచి వచ్చిన పేరది. మన లేత్ షాపుల్లో కార్బైడ్ ముక్కను ఇప్పటికీ ‘విడియా’ అనే పిలుస్తుంటారు.

కార్బైడ్‌కు గట్టిదనం ఎంత ఉందో పెళుసుదనమూ అంత ఉంది. చెక్కతో ఎంత రాసుకున్నా త్వరగా అరగదు. సిమెంటు గచ్చు మీద ఒక్కసారి పడితే మాత్రం కొస పెచ్చు లేస్తుంది. రేకు డబ్బాలో మరో బిట్‌కు తగిలినా అంతే. ఆ లోపం కంటికి ఆనకపోవచ్చు. కోసిన అంచు మీద పొడవునా ఒక సన్నని గీతగా మాత్రం బయటపడుతుంది.

ఎక్కువ బిట్లలో ఉక్కు కాడకు కార్బైడ్ ముక్కలు అతికించి ఉంటాయి. సన్నని బిట్లు, మెలి తిరిగిన స్పైరల్ బిట్లు మొత్తం కార్బైడ్‌తోనే వస్తాయి. అతికించిన బిట్ కొనేటప్పుడు వెలుతురులో తిప్పి చూడాలి. అతుకు ఎక్కడా ఖాళీ లేకుండా సన్నగా, సమంగా ఉండాలి. రెండు వైపుల ముక్కలూ ఒకే మందంలో ఉండాలి. ముక్క మరీ రేకులా ఉంటే రెండోసారి పదును పెట్టడానికి మిగిలేదేమీ ఉండదు. బేరింగ్ ఉంటే వేలితో తిప్పాలి. గరగరలాడకుండా తిరగాలి.

కాడ కొలత తప్పితే ప్రాణాపాయం

బిట్‌లో కాలెట్ పట్టుకునే భాగాన్ని షాంక్ అంటారు. మన బజారులో 6 మిల్లీమీటర్లవి, పావంగుళానివి, 8 మిల్లీమీటర్లవి, 12 మిల్లీమీటర్లవి, అరంగుళానివి దొరుకుతాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. హైదరాబాద్ పనివాళ్ల లెక్కలో పావంగుళమంటే రెండు సూత్‌లు, అంటే 6.35 మిల్లీమీటర్లు. కంటికి అది 6 మిల్లీమీటర్ల కాడలాగే కనిపిస్తుంది. 6 మిల్లీమీటర్ల కాడను పావంగుళం కాలెట్‌లో పెట్టి నట్టు గట్టిగా తిప్పితే బిగిసినట్టే ఉంటుంది. కాలెట్ దాన్ని చుట్టూ సమంగా పట్టుకోదు. మోటారు వేగం అందుకున్నాక ఆ బిట్ జారి కిందికి దిగవచ్చు, ఊడి ఎగిరిపడవచ్చు. 12 మిల్లీమీటర్లకూ అరంగుళానికీ, అంటే 12.7 మిల్లీమీటర్లకూ ఇదే మాట. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా ముందు కాలెట్ మీది అంకె చూసుకుని, దానికి సరిపోయే కాడే అడగాలి.

మెషిన్‌కు రెండు సైజుల కాలెట్లూ ఉంటే లావు కాడే మేలు. ఒకే పొడవు, ఒకే ఉక్కు అయినప్పుడు పావంగుళం కాడ కన్నా అరంగుళం కాడ వంగకుండా నిలబడే శక్తి 16 రెట్లు ఎక్కువ. వణుకు తగ్గితే అంచు నున్నగా వస్తుంది, కార్బైడ్ కూడా ఎక్కువ కాలం మన్నుతుంది. మైకా కోసే చిన్న ట్రిమ్మర్‌కు సన్నని కాడ చాలు. టేకు తలుపు చట్రానికి గాడి తీయాలంటే లావు కాడ, పెద్ద రూటర్ కావాలి.

ముప్పై బిట్ల డబ్బా అవసరమా?

దుకాణంలో రంగురంగుల డబ్బాలో ముప్పై బిట్లు వరుసగా కనిపిస్తే కొత్తగా పని నేర్చుకునేవాళ్లకు చేయి లాగుతుంది. వాటిలో సగానికి పైగా డబ్బా దాటి బయటికే రావు. అదే డబ్బుతో ఐదారు మంచి బిట్లు కొనుక్కుంటే ఇంటి ఫర్నిచర్‌లో చాలా పని నడిచిపోతుంది.

మొదటిది స్ట్రెయిట్ బిట్. గాడులు తీయడానికి 6, 12 మిల్లీమీటర్లవి రెండు ఉండాలి. రెండోది ఫ్లష్ ట్రిమ్ బిట్. దీని కొసన బేరింగ్ ఉంటుంది. బేరింగ్ చెక్క అంచును తాకుతూ దొర్లుతుంటే, పైనున్న వాదర బయటికి పొడుచుకొచ్చిన మైకాను అదే మట్టానికి కోసేస్తుంది. బేరింగ్ కాడ వైపు ఉంటే దాన్ని ప్యాటర్న్ బిట్ అంటారు. ఎండీఎఫ్‌తో ఒక అచ్చు చేసుకుని చెక్క మీద బిగిస్తే, ఎన్ని ముక్కలు కావాలన్నా ఒకే ఆకారంలో తీయవచ్చు. అంచులు గుండ్రంగా తిప్పడానికి రౌండ్ ఓవర్, ఏటవాలుగా కోయడానికి 45 డిగ్రీల చాంఫర్, గీతలకు వీ-గ్రూవ్ ఉంటే సరిపోతుంది. డవ్‌టెయిల్, కీహోల్ లాంటివి ఆ పని పడినప్పుడు కొనుక్కోవచ్చు.

స్పైరల్ బిట్లలో ఒక చిన్న కిటుకు ఉంది. మెలిక పైకి తిరిగి ఉంటే అది పొట్టును గాడిలోంచి పైకి లాగేస్తుంది. లోతైన గాడికి అది మంచిదే. పై అంచున మాత్రం పేళ్లు లేపే అలవాటు దానికి ఉంది. మెలిక కిందికి ఉంటే పై అంచు కత్తితో కోసినట్టు వస్తుంది, పొట్టు మాత్రం గాడిలోనే ఇరుక్కుంటుంది. రెండు మెలికలూ ఉన్నది కంప్రెషన్ బిట్. కింది భాగం పైకి, పై భాగం కిందికి లాగడం వల్ల రెండు వైపులా మైకా వేసిన ప్లైవుడ్ ఏ పక్కా పెచ్చు లేవకుండా తెగుతుంది. సీఎన్‌సీ మెషిన్లలో బోర్డులు కోసేవాళ్లు దీన్ని వాడేది అందుకే.

కొలతల విషయంలో ఒక జాగ్రత్త. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అని అమ్మేది కొలిస్తే అంతకన్నా కాస్త పలచగా ఉండటం మామూలే. పావంగుళం బిట్‌తో గాడి తీస్తే బీరువా వెనక పలక అందులో లొటలొటలాడుతుంది. బిట్ ఎంచుకునే ముందు వెర్నియర్‌తో పలక మందం చూసుకోవడం, పనికిరాని ముక్క మీద ఒక గాడి తీసి చూడటం రెండు నిమిషాల పని.

కోస్తోందా, రుద్దుతోందా?

రూటర్ వాడిన చోట నల్లటి మాడు మచ్చలు పడితే నింద చెక్క మీదికి పోతుంది. లెక్క వేస్తే అసలు కారణం దొరుకుతుంది. రెండు వాదరల బిట్ నిమిషానికి 24,000 సార్లు తిరిగితే చెక్కకు 48,000 కోతలు పడతాయి. ఆ నిమిషంలో మెషిన్ 3 మీటర్లు ముందుకు జరిగితే ఒక్కో కోతకు సుమారు 0.06 మిల్లీమీటర్ల చెక్క వస్తుంది. రాసుకునే కాగితం కన్నా పలచనిదే అయినా అది కోతే. ఆ పలుకు తనతోపాటు కొంత వేడిని మోసుకుపోతుంది. చేయి భయపడి నిమిషానికి అర మీటరే జరిపితే కోతకు దక్కేది 0.01 మిల్లీమీటరు. అప్పుడు వాదర కోయడం మాని రుద్దుతుంది. వేడి బిట్‌లోనే నిలిచిపోతుంది, టేకులోని నూనె, జిగురు మాడి వాదరకు అంటుకుంటాయి, పదును పోతుంది, మాడు ఇంకా పెరుగుతుంది. బిట్ నుంచి రాలుతున్నదాన్ని కొంచెం తీసి వేళ్ల మధ్య నలిపితే సంగతి తెలుస్తుంది. సహజమైన చెక్కకు చిన్న చిన్న పలుకులు రావాలి. టాల్కమ్ పౌడర్‌లా మెత్తటి పొడి వస్తుంటే చేయి నెమ్మదించిందో, బిట్ మొద్దుబారిందో, వేగం ఎక్కువైందో చూసుకోవాలి. ఎండీఎఫ్ మాత్రం ఎలాగూ పొడే అవుతుంది.

వేగాన్ని బిట్ వెడల్పును బట్టి తగ్గించాలి. 6 మిల్లీమీటర్ల బిట్ 24,000 చుట్ల దగ్గర తిరుగుతున్నప్పుడు దాని అంచు వేగం గంటకు సుమారు 27 కిలోమీటర్లు. అదే చుట్లతో 50 మిల్లీమీటర్ల బిట్ తిరిగితే అంచు వేగం గంటకు 225 కిలోమీటర్లు దాటుతుంది. అందుకే అంగుళం వరకు వెడల్పున్న బిట్‌కు 24,000, రెండంగుళాల వరకు 18,000, రెండున్నర వరకు 16,000, ఆపైన 12,000 చుట్లు మించకూడదని పనివాళ్లు పాటించే లెక్క. బిట్ కాడ మీద అంతకన్నా తక్కువ అంకె చెక్కి ఉంటే ఆ అంకే శాసనం. తలుపు పలకల అంచులు దించే పెద్ద బిట్లను చేతి రూటర్‌కు బిగించనే కూడదు. వాటికి వేగం తగ్గించగల రూటర్‌ను కింద బిగించిన టేబుల్ కావాలి.

లోతు కూడా ఒకేసారి తీయకూడదు. 12 మిల్లీమీటర్ల లోతు గాడి కావాలంటే మూడు నాలుగు దఫాలుగా దిగాలి. చివర అర మిల్లీమీటరు వదిలి, ఆఖరి దఫాలో ఆగకుండా ఒకే ఊపున లాగితే గాడి గోడలు నున్నగా వస్తాయి.

దిశ తెలియకపోతే ఎంత మంచి బిట్ అయినా ఎదురు తిరుగుతుంది. పైనుంచి చూస్తే చేతి రూటర్‌లో బిట్ గడియారపు ముళ్లు తిరిగినట్టే తిరుగుతుంది. బల్ల బయటి అంచు చుట్టూ మెషిన్‌ను దానికి వ్యతిరేకంగా నడపాలి. అంచుకు ఎదురుగా నిలబడితే ఎడమ నుంచి కుడికి. కిటికీ చట్రం లోపలి అంచుకైతే గడియారం దిశలోనే. అప్పుడు వాదర చెక్కకు ఎదురు వెళుతుంది, మెషిన్ అదుపులో ఉంటుంది. తిరగేసి నడిపితే బిట్ చెక్క మీద చక్రంలా దొర్లి, పలుపు తెంపుకున్న గిత్తలా మెషిన్‌ను లాక్కుపోతుంది. రూటర్ టేబుల్ మీద బిట్ తలకిందులుగా ఉంటుంది కాబట్టి చెక్కను కుడి నుంచి ఎడమకు తోయాలి.

టేకు బల్ల నాలుగు వైపులా గుండ్రంగా తిప్పేటప్పుడు ముందు నార అడ్డంగా తెగిన రెండు వైపులూ పూర్తి చేయాలి. ఆ వైపు కొసన పేళ్లు లేవడం ఖాయం. తర్వాత నార వెంట నడిచే రెండు వైపులూ చేస్తే ఆ లేచిన పేళ్లు అందులోనే కొట్టుకుపోతాయి.

బిగింపులో రెండు మిల్లీమీటర్ల మర్మం

బిట్ మార్చే ముందు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ ఊడదీయాలి. కాడను కాలెట్‌లోకి అడుగుదాకా దించి, రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి లాగి బిగించాలి. నట్టు తిరుగుతున్నకొద్దీ కాలెట్ బిట్‌ను కిందికి లాగుతుంది. అడుగున ఆనుకుని ఉంటే అది జరగలేక పట్టు సగంలోనే ఆగుతుంది. లోతు ఇంకొంచెం కావాలని కాడను మరీ బయటికి లాగడం అంతకన్నా ప్రమాదం. కాడ పొడవులో కనీసం ముప్పాతిక లోపల ఉండాలి. కాడ మీద గుండ్రని గీతలు కనిపిస్తే అది లోపల జారుతోందన్నమాట. కాలెట్ అరిగిపోయి ఉండవచ్చు, పొట్టు ఇరుక్కుని ఉండవచ్చు. కాలెట్ మార్చుకోదగ్గ వస్తువే.

మెడలో తువ్వాలు, వదులు చొక్కా చేతులు, దారపు తొడుగులు రూటర్ దగ్గర పనికిరావు. కళ్లద్దాలు, చెవులకు రక్షణ, ముక్కుకు గట్టి మాస్కు తప్పనిసరి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క పొడిని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. తలుపులు మూసిన ఫ్లాట్‌లో రోజంతా ఎండీఎఫ్ కోసే కుర్రాడికి ఆ మాస్కు కొనివ్వడం కాంట్రాక్టరు బాధ్యత, ఇంటి యజమాని అడగాల్సిన విషయం.

మొద్దుబారిందా, మురికి పట్టిందా?

పొగ రాగానే బిట్ పారేసేవాళ్లున్నారు. చాలాసార్లు దానికి కావలసింది స్నానం. గోధుమరంగు జిగురు పొర వాదర వెనక పేరుకుంటే పదునున్న బిట్ కూడా మొద్దులాగే ప్రవర్తిస్తుంది. బేరింగ్ ఊడదీసి పక్కన పెట్టి, బిట్‌ను కాసేపు కిరోసిన్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పూర్తిగా తుడిచి ఆరబెట్టాలి. బేరింగ్‌ను నానబెడితే లోపలి గ్రీజు పోతుంది. మైకా పనిలో ఫెవికాల్ ఎండి బేరింగ్ బిగుసుకుపోవడం తరచూ జరిగేదే. అది దొర్లడం మానేసి బిట్‌తోపాటు గిర్రున తిరుగుతూ, అప్పుడే అతికించిన మైకా మీద మాడు చార తీస్తుంది. కొత్త బేరింగ్ వేస్తే ఆ బిట్ మళ్లీ పనికొస్తుంది.

కార్బైడ్‌కు మామూలు సానరాయి ఆనదు, వజ్రపు పొడి అద్దిన చిన్న పలక కావాలి. వాదర లోపలి చదును ముఖాన్ని మాత్రమే దాని మీద ఆనించి, రెండు వైపులా లెక్కపెట్టి సమానంగా రుద్దాలి. బయటి వంపును ముట్టుకుంటే బిట్ వెడల్పు, ఆకారం రెండూ మారిపోతాయి. ఒక వైపే ఎక్కువ అరిగితే బిట్ తూకం తప్పి వణుకుతుంది. పెచ్చు ఊడినవాటి జోలికి పోకుండా సానపట్టే దుకాణానికి ఇవ్వడమో, పక్కన పెట్టడమో చేయాలి. మైకా కోసే బిట్‌లో ఎప్పుడూ ఒకే చోట అరుగుతుంది కాబట్టి, లోతును ఒకటి రెండు మిల్లీమీటర్లు మారిస్తే వాడని వాదర పనిలోకి వస్తుంది.

ఒక టేకు ముక్క చాలు

ఇక ఆ రేకు డబ్బా సంగతి. తలుపు పనిలో మిగిలిన టేకు ముక్క, జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు ఉంటే చాలు. అందులో వరుసగా రంధ్రాలు వేయాలి. 6 మిల్లీమీటర్ల కాడకు ఆరున్నర, అరంగుళం కాడకు 13 మిల్లీమీటర్ల డ్రిల్లు. రంధ్రం బిగుతుగా ఉంటే బిట్ తీసేటప్పుడు వాదర తగిలి వేళ్లు తెగుతాయి. రెండు బిట్ల వాదరల మధ్య కనీసం ఒక వేలు దూరేంత ఖాళీ ఉండాలి. ప్రతి రంధ్రం కింద బిట్ రకం, కొలత రాసిపెట్టాలి. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో, వానాకాలమైతే ఎక్కడైనా, ఉక్కు కాడలకు తుప్పు త్వరగా పడుతుంది. కుట్టు మిషన్ నూనె రెండు చుక్కలు గుడ్డకు అద్ది కాడలను తుడవాలి, దిమ్మెను మూత ఉన్న పెట్టెలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచాలి. వాడే ముందు ఆ నూనెను పొడి గుడ్డతో పూర్తిగా తీసేయాలి, లేకపోతే కాలెట్‌లో కాడ జారుతుంది. బండి మీద సైట్లకు తిరిగేవాళ్లు బిట్‌తో వచ్చిన ప్లాస్టిక్ గొట్టాన్ని పారేయకుండా అందులోనే పెట్టి తీసుకెళ్లాలి.

తలుపు చట్రాలకు జంటగా వాడే బిట్ల పక్కన ఇంకొకటి ఉండాలి. కొలత సరిగ్గా కుదిరిన రోజు, అదే ఎత్తులో కోసిన చిన్న నమూనా ముక్క. ఆరు నెలల తర్వాత మళ్లీ అలాంటి తలుపే చేయాల్సి వస్తే ఆ ముక్కను బిట్‌కు ఆనించి ఎత్తు సరిచేసుకోవచ్చు, ఒక పూట మిగులుతుంది.

దిమ్మెలో పగలంతా ఒక రంధ్రం ఖాళీగా ఉంటుంది, ఆ బిట్ మెషిన్‌లో ఉంటుంది కాబట్టి. సాయంత్రం షట్టర్ దించే ముందు మేస్త్రి అటు ఒకసారి చూస్తే చాలు. రంధ్రం ఇంకా ఖాళీగా ఉంటే ప్లగ్ తీసి, నట్టు వదులుచేసి, వాదరకు అంటిన జిగురు తుడిచి, ఆ బిట్‌ను దాని చోట నిలబెట్టి ఇంటికి బయల్దేరతాడు.